నల్ల లంగా మీద తెల్ల అద్దాలు

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేదాన్నని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. నా ఈడు ఆడవాళ్ళు కొందరు, ఏదో పొద్దుపోక గీసేదాన్నమ్మా అని తమ పనిని తామే తగ్గించుకుంటారు. నేను తగ్గించుకోను. పొద్దుపోక గీసేది వేరు, అచ్చుకు గీసేది వేరు. అచ్చుకు గీసిన బొమ్మ మనం పక్కన లేకుండానే, ముఖం తెలియని పిల్లల ముందు తనంతట తాను నిలబడాలి. నా బొమ్మలు నిలబడ్డాయి. సూర్యాపేటలో పుట్టి, మిర్యాలగూడలో కోడలినై, కోదాడ ప్రెస్సులో అచ్చయిన బొమ్మలు వేశాను. అందులో ఒక పుస్తకం సంగతి చెబుతాను. దాని కోసం నేను పడ్డ తగవు, అది తేలిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ గుండె నిండుతుంది.

సూర్యాపేటలో మా నాన్నకు ధాన్యం దుకాణం ఉండేది. ఆంధ్ర, తెలంగాణ కలిసిన ఏడు నేను బడిలో చిన్న తరగతిలో ఉన్నాను. ఆ తరువాత మాకు కొత్త పుస్తకాలు వచ్చాయి. వాటి బొమ్మల్లో ప్రతి ఊరికీ కొబ్బరి చెట్లు, కాలువలో పడవ, పడవలో గొడుగు పట్టుకున్న ఆసామి. డ్రాయింగు సారు మీ ఊరి బొమ్మ వేయమంటే క్లాసు క్లాసంతా కొబ్బరి చెట్లే వేసింది. మాకు కొబ్బరికాయ తెలుసు, గుడికి పోతే కనిపించేది. చెట్టును మాలో ఎవరూ చూడలేదు. నేను మాత్రం హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రోడ్డు మీద ఆగిన లారీ, దాని పక్కన చాయ్ బండి, వెనక తాటిచెట్లు, నల్ల బండలు వేశాను. సారు నా కాగితం ఎత్తి పట్టుకుని, ఊరంటే ఇదేనా అని అడిగాడు.

"మనూరు గిట్లనే ఉంటది కద సార్" అన్నాను.

ఆయన కిటికీలోంచి ఒకసారి బయటికి చూసి, మార్కులు వేశాడు. నా పొగరు అప్పటిది.

పెళ్ళయి మిర్యాలగూడ వచ్చాను. అత్తవారిది రైసుమిల్లు. ముందు ఇల్లు, వెనక మిల్లు, మధ్యలో వడ్లు ఎండబోసే పెద్ద గచ్చు. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు పారిన కొత్తలో ఆ మిల్లుకు ఊపిరి సలపలేదు. నిడమనూరు నుంచి, నేరేడుచర్ల నుంచి వడ్ల బండ్లు వరుసకట్టి వచ్చేవి. తూకం అయ్యేదాకా ఎద్దులను విప్పి మా గోడ నీడలో కట్టేసేవారు. నేను ఏ బొమ్మల బడికీ పోలేదు. ఎద్దులే మా వాకిట్లోకి వచ్చి పడుకుని, నెమరువేసి, లేచి, నాకు నేర్పాయి. ఎద్దు లేచేటప్పుడు వెనక కాళ్ళు ముందు లేపుతుంది, కాసేపు మోకాళ్ళ మీద దండం పెడుతున్నట్టు ఉంటుంది. ముందు కాళ్ళు ముందు లేపే ఎద్దును పుస్తకంలో ఎక్కడైనా చూస్తే, ఈయన ఎద్దును చూడలేదు, గుర్రాన్ని చూసి కొమ్ములు తగిలించాడు అని నవ్వుకుంటాను.

నేను పనిచేసుకునే చోటు మేడ మీద చిన్న గది. కిటికీ గచ్చు వైపు. వెలుతురుకు కొదువ లేదు గాని, మిల్లు పొయ్యిలో కాల్చిన ఊక బూడిద గాలిలో తేలి వచ్చి సరిగ్గా తడి సిరా మీద వాలేది. నల్లటి పలుచటి రేకులు. వేలితో తీయబోతే గీత చెదిరిపోతుంది, వదిలేస్తే అంటుకుంటుంది. కాబట్టి నా దినచర్య నా చేతిలో లేదు, మిల్లు చేతిలో ఉంది. పొద్దున వంట, వడ్డన అయ్యాక పెన్సిలు పని. సిరా పని మాత్రం కూలీలు అన్నాలకు పోయి మిల్లు ఆగినప్పుడు, లేదా గాలి మళ్ళినప్పుడు. ఆ కాస్త వ్యవధిలో ఊపిరి బిగబట్టి పాళీ నడిపేదాన్ని. అలా తొందరలో వేసి వేసి నా గీతకు ఒక తెగువ వచ్చింది. తీరుబడిగా కూర్చుని వేసేవాళ్ళకు అది రాదని నా నమ్మకం.

మా అత్తమ్మ గురించి చెప్పకపోతే ఈ కథ నడవదు. ఆమె నోరు మిల్లు చక్రం కంటే ఎక్కువ తిరిగేది. రంగు లేదు, రుచి లేదు, నల్లగా ఈ గీకుడు ఏమిటి అని రోజూ ఒకసారైనా అనకపోతే ఆమెకు అన్నం సహించేది కాదు. అచ్చు పనికి నలుపు ఒక్కటే ఉంటుందని ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అయితే గాలి మళ్ళగానే కింది నుంచి కేక వేసేది కూడా ఆమే. "గాలి మర్రింది, పో, పొయ్యి గీక్కో" అనేది. పొయ్యి మీది కూర తాను చూసుకునేది. తిట్టు తిట్టే, సాయం సాయమే.

అచ్చులోకి నేను వెళ్ళిన దారి కూడా మిల్లుదే. మా ఆయన మిల్లు బిల్లు బుక్కులు కోదాడలో ఒక చిన్న ప్రెస్సులో వేయించేవారు. బిల్లు పైన వరి కంకి బొమ్మ కావాలంటే నేను వేసి ఇచ్చాను. ప్రెస్సాయన ఆ కంకిని చూసి, ఎవరు వేశారని ఆరా తీసి, ఇంటికే వచ్చాడు. ఆయనది కృష్ణకు అవతలి వైపు ఊరు, కోదాడలో స్థిరపడ్డాడు. పెళ్ళి కార్డులు, బిల్లు బుక్కులు వేసి వేసి విసుగుపుట్టి, పిల్లల పుస్తకాలు తానే రాసి తానే అచ్చువేయాలని ఉబలాటపడుతున్న మనిషి. ఆయన కథకు నా బొమ్మ, నా బొమ్మకు ఆయన అచ్చు. అలా చిన్న చిన్న పుస్తకాలు కొన్ని వేశాం. ఊరి దుకాణాల్లో బలపాల పక్కన వేలాడదీసి అమ్మేవారు.

ఒక ఏడు ఆయన పంపిన కథ తప్పిపోయిన మేకపిల్లది. ఒక పిల్ల తన మేకపిల్లను వెతుక్కుంటూ పొలాల వెంట పోతుంది, దారిలో కనబడ్డవాళ్ళనందరినీ అడుగుతుంది, చివరికి మేకపిల్ల దొరుకుతుంది. ఆ పిల్ల ఎవరో, ఏం కట్టుకుందో కథలో లేదు. నాకు మాత్రం చదవగానే తెలిసిపోయింది, ఎందుకంటే ఆ పిల్ల మా గచ్చు మీదే ఉంది.

వడ్లు తిరగేసే పనికి సీజనులో నిడమనూరు దగ్గరి తండా నుంచి లంబాడా ఆడవాళ్ళు వచ్చి మిల్లు పక్కనే గుడిసెలు వేసుకునేవారు. ఎండబోసిన వడ్లలో కాళ్ళు ఈడుస్తూ నడిచి చాళ్ళు తీసేవారు. వాళ్ళలో ఒకామె తీసిన చాళ్ళు తాడు పట్టి గీసినట్టు ఉండేవి. మేడ మీది నుంచి ఆ చాళ్ళను చూసి నేను అసూయపడేదాన్ని. ఆమెకు ఏడెనిమిదేళ్ళ కూతురు. ముదురు రంగు లంగా, దాని నిండా తల్లి కుట్టిన గుండ్రటి అద్దాలు. ఆ పిల్ల బస్తాల గుట్ట మీద ఎక్కి దిగుతుంటే మా గదిలో సున్నం గోడ మీద వెలుగు చుక్కలు పరుగెత్తేవి. నేను ఆ పిల్లను వెనక నుంచి, పక్క నుంచి, కోతిలా వేలాడుతుంటే కింది నుంచి, ఎన్ని తీర్లుగానో గీశాను.

లంగాను సిరాతో నల్లగా నింపి, అద్దాలను మాత్రం కాగితం తెల్లగా వదిలేశాను. నలుపు మీద ఆ తెలుపు కళ్ళకు కొట్టినట్టు వచ్చింది. చివరి బొమ్మ నా సొంత ఆలోచన. కథలో మేకపిల్ల ఊరికే దొరికిందని ఉంది. నేను లంగా అంచును పేజీ నిండా వేసి, అందులో రూపాయి బిళ్ళంత ఒక అద్దం పెట్టి, మేకపిల్ల ఆ అద్దంలో తన ముఖం తాను చూసుకుంటున్నట్టు వేశాను. ఆ మెరుపు చూసే అది తనను వెతికే పిల్ల దగ్గరికి వచ్చిందని చూసేవాళ్ళకు చెప్పకుండానే తెలుస్తుంది. ఈ బొమ్మ వేసిన రోజు నేను అన్నం తింటూ కూడా నవ్వుకుంటుంటే అత్తమ్మ నుదురు మీద చెయ్యి పెట్టి జ్వరం చూసింది.

ప్రెస్సాయన వచ్చి బొమ్మలు చూసి మెచ్చుకున్నాడు. ఆ తరువాత మెల్లగా అసలు మాట తీశాడు. ఈ పిల్ల బదులు పరికిణీ, రెండు జడలతో మామూలు పిల్లను వేస్తే బాగుంటుందని, తన పుస్తకాలు ఎక్కువగా అమ్ముడుపోయేది కృష్ణ అవతలి ఊళ్ళలోనని, అక్కడి పిల్లలకు ఈ వేషం కొత్తగా ఉంటుందని అన్నాడు. మామూలు పిల్ల అనే మాట నాకు గుచ్చుకుంది. ఎక్కడి కొబ్బరిచెట్టు ఇక్కడిదాకా వచ్చిందే అనుకున్నాను.

"మీ కథల పిల్ల ఎవరని మీరు రాయలేదు. నేను గీసిన. ఈ పిల్ల లేకుంటే బొమ్మలు లేవు" అన్నాను.

మా ఆయన ఆ మాటకు ఉలిక్కిపడి నా వైపు చూశారు. ప్రెస్సాయన చివరి బొమ్మ మళ్ళీ తీసి చూశాడు. మేకపిల్లను చూసి ఆయన మీసాల కింద నవ్వు వచ్చింది. కథ రాసిన తనకే ఈ సంగతి తోచలేదని ఒప్పుకుని, బొమ్మలన్నీ సంచిలో పెట్టుకుపోయాడు.

సీజను అయిపోయి తండావాళ్ళు ఊరికి పోయేముందు నేను ఆ తల్లిని మేడ మీదికి పిలిచి పెన్సిలు బొమ్మలు చూపించాను. ఆమె కూతురును గుర్తుపట్టింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇవి పుస్తకంలో అచ్చవుతాయని చెబితే నవ్వు ఆపి అడిగింది. "పుస్తకంల అంటే, బడిల సదివే పుస్తకాలలెక్కనేనా సావుకారమ్మా?"

అవునన్నాను. అప్పుడు చెప్పింది. వానాకాలం బళ్ళు తెరిచేటప్పటికి పిల్లను నిడమనూరు బడిలో వేయాలని ఆమె పట్టుదల. ఒకరోజు తీసుకుపోయి చూపించిందట. అక్కడి పిల్లలు లంగాను చూసి వెక్కిరించారట. లంగా మార్చి వేరే గౌను తొడిగితే పిల్ల విప్పి పారేసింది, బడికి మాత్రం పోనని మొండికేసింది. "గీ పుస్తకంల గిట్లనే అద్దాల లంగతోటి కనబడితే పోతదేమో. జల్ది పంపు" అన్నది.

పంపుతానని మాట ఇచ్చాను. ఇప్పటిదాకా నా బొమ్మ బాగుందా లేదా అన్నదే నా పరేషాన్. ఆ రోజు నుంచి ఆ పుస్తకం మీద ఒక పిల్ల బడికి పోవడమో మానడమో ఉంది.

ఎండాకాలం చివర కోదాడ నుంచి మా మిల్లు లారీలో ప్రూఫులు వచ్చాయి. తాడు విప్పి చూశాను. మొదటి పేజీలో లంగా నల్లగా ఉంది. రెండో పేజీలోనూ నల్లగా ఉంది. ఒక్క అద్దం లేదు. పిల్ల నడుము నుంచి కిందికి బొగ్గు మూటలా ఉంది. చివరి పేజీ తిప్పాను. మేకపిల్ల మెడ చాచి, ఎంతో ఇష్టంగా, ఒట్టి నల్లటి మరక వైపు చూస్తోంది.

నేను చూస్తున్నది అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కోదాడ పోవాలన్నాను. మా ఆయనకు ఆ రోజు సర్కారుకు లెవీ బియ్యం అప్పగించే పని. ఒక్కదాన్నే పోతానంటే ఇంట్లో ఒప్పుకోరు. ఇంతలో అత్తమ్మ ప్రూఫు తీసుకుని కళ్ళకు దూరంగా పట్టుకుని చూసింది. చూసి లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చింది. "నడువు" అన్నది. నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సులో ఇద్దరం ఎక్కాం. దారి పొడుగునా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె అలా ఉండడం నేను ఎరగను, దాంతో నాకు భయం ఇంకా పెరిగింది.

ప్రెస్సాయన మమ్మల్ని చూసి కంగారుగా కుర్చీలు వేయించాడు. జరిగింది చెప్పాడు. బొమ్మను అచ్చువేయాలంటే ముందు దాన్ని జింకు రేకు మీదికి ఎక్కించి బ్లాకు చేయాలి. ఆ పని విజయవాడలో అవుతుంది. బ్లాకులు చేసే చోట ఒకాయన ఉంటాడు, ఫొటో తీసేముందు బొమ్మల్లో సిరా సరిగా అంటని చోట్లు వెతికి కుంచెతో నింపుతాడు. ఆ మహానుభావుడు నా అద్దాలను చూసి, పాపం, ఈమెకు సిరా అయిపోయిందో, కాగితం సిరా పట్టలేదో అనుకున్నాడు. ఒక్కొక్క అద్దాన్నీ ఓపికగా, అంచు దాటకుండా, నున్నగా నింపాడు. చివరి అద్దంలో మేకపిల్ల ముఖం కూడా ఆయనకు మరకలాగే కనబడింది. నా అసలు కాగితాలు ప్రెస్సాయన బల్ల మీద పెట్టాడు. అవి కూడా నల్లగానే ఉన్నాయి. ఎంత శ్రద్ధగా చేశాడో చూస్తే తిట్టడానికి కూడా నోరు రాలేదు.

మళ్ళీ వేసిస్తాను, మళ్ళీ బ్లాకులు చేయించండి అన్నాను. ప్రెస్సాయన తల అడ్డంగా ఊపాడు. విజయవాడ పంపి తెప్పించేసరికి బళ్ళు తెరిచి నెల దాటుతుందని, కాగితం కోసేశామని, మిషను ఖాళీ చేసి పెట్టామని చెప్పాడు. చివరికి నన్ను ఊరడించాలని కాబోలు, నవ్వుతూ అన్నాడు.

"పోనీలెండమ్మా. పిల్లల పుస్తకం కదండీ, అంత పరీక్షగా ఎవరు చూస్తారు చెప్పండి."

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. అద్దాలు పోయినందుకు వచ్చిన కోపం ఆ మాటతో రెట్టింపయింది. పిల్లల పుస్తకాన్ని పరీక్షగా చూసేది పిల్లలే. పెద్దవాళ్ళు అక్షరాలు చదివి పేజీ తిప్పేస్తారు. చదవడం రాని పిల్ల ఆ బొమ్మను ఎంతసేపు చూస్తుందో ఈయనకు తెలియదా అనుకున్నాను. నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ అందుకుంది.

"అద్దాలు లేంది లంబాడోళ్ళ లంగ ఎట్లైతదయ్యా? మా కోడలు దినాం మాడిన కూర తినుకుంట గీసింది. మీరు మసి పూసి, ఎవరు సూస్తరంటరా?"

కూర ఒక్కనాడూ మాడలేదు, ఆమే చూసుకునేది. అయినా ఆ అబద్ధం ఆ రోజు నాకు ఎంతో ముద్దొచ్చింది. ప్రెస్సాయన తల దించుకున్నాడు.

ఆయన అలా ఉండగానే నేను బల్ల మీది బ్లాకు ఒకటి చేతిలోకి తీసుకున్నాను. చెక్క దిమ్మకు మేకులతో బిగించిన రేకు. వేలితో తడిమాను. నలుపు రావలసిన చోటు ఎత్తుగా ఉంది, తెలుపు రావలసిన చోటు లోతుగా ఉంది. లంగా అంతా ఒకటే ఎత్తు, నున్నటి గచ్చులా ఉంది. ఎత్తుగా ఉన్నచోట సిరా అంటుతుంది. అక్కడ గుంట తవ్వితే అంటదు. అంతే కదా అనిపించింది.

నగిషీ చెక్కే సన్న ఉలి కావాలన్నాను. ప్రెస్సు ఎదురుగానే నగలు చేసే అవుసలాయన దుకాణం ఉంది, మనిషిని పంపి తెప్పించాడు. ఉలి వచ్చాక ఆయనకు మళ్ళీ భయం పట్టుకుంది. చెయ్యి జారితే బ్లాకు పోయినట్టేనని, బొమ్మే లేకుండా పోతుందని అన్నాడు.

"ఇప్పుడైతే ఏమున్నదండి ఇందుల? ఉన్నది మసే కద" అన్నాను.

పాత పెళ్ళికార్డు బ్లాకు ఒకటి అడిగి దాని మూల మీద కాసేపు చెయ్యి అలవాటు చేసుకున్నాను. జింకు మెత్తటిదే గాని మొండిది. నెట్టితే ఉలి ఒక్కసారిగా జారుతుంది. ఉలిని కదపకుండా పట్టుకుని, రెండో చేత్తో బ్లాకును గుండ్రంగా తిప్పాలని తెలిసింది. అలా చేస్తే గుంట దానంతట అదే గుండ్రంగా వస్తుంది. లోతు చాలకపోతే సిరా మళ్ళీ నిండుతుంది కాబట్టి అంచు కోసి, నడుమ తవ్వి, ఊది, మళ్ళీ తవ్వాలి. వాకిట్లో వెలుతురుకు ముక్కాలిపీట వేసుకుని మొదలుపెట్టాను. రోడ్డు మీద లారీలు పోతున్నాయి, లోపల మిషను తొక్కే మనిషి పని లేక నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. అత్తమ్మ నా పక్కన కూర్చుని జింకు పొట్టును విసనకర్రతో విసురుతోంది.

ఒకచోట ఉలి జారనే జారింది. లంగా మీద అడ్డంగా పొడుగాటి గీత పడింది. ప్రెస్సాయన అయ్యో అన్నాడు. నేను దానికి పక్కన ఇంకో చిన్న గీత తగిలించి, కొసన కంకి వేశాను. పొలంలో తిరిగిన పిల్ల లంగాకు గడ్డిపోచ అంటుకోదా? ఆ గడ్డిపోచ బాగుందని తరువాత చాలామంది అన్నారు. కావాలనే వేశానని చెప్పాను.

చివరి బ్లాకును చివరికే ఉంచాను. రూపాయంత అద్దం. దాన్ని ఊరికే గుండ్రంగా తవ్వేస్తే చాలదు, అందులో మేకపిల్ల ముఖం మిగలాలి. చెవులు రెండు, కళ్ళు రెండు, ముక్కు. వాటిని వదిలి చుట్టూ తవ్వాలి. ఒక చెవి విరిగితే అతికించడానికి ఏమీ లేదు. నేను ఆ చెవులు తవ్వుతున్నంతసేపు అత్తమ్మ విసనకర్ర ఆపేసింది. పూర్తయ్యాక చూస్తే నా వేళ్ళు వంగిపోయి విప్పుకోవడం లేదు. ఆమే ఒక్కొక్క వేలు పట్టుకుని సాపుచేసింది.

ప్రెస్సాయన తానే రోలరుతో సిరా పట్టించి కాగితం అద్ది తీశాడు. తెల్లటి అద్దంలో నుంచి మేకపిల్ల బయటి మేకపిల్లను చూస్తోంది. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. మిషను మనిషిని పిలిచి, సిరా పల్చగా పట్టించు, ఒక్క అద్దం నిండినా ఊరుకోనని చెప్పాడు. "ఇందాక ఆ మాట అనకుండా ఉండాల్సిందమ్మా" అని నాతో అన్నాడు. నేను పెద్దమనసుతో ఏం ఫరవాలేదని అనలేదు. నిజమేనండి, అనకుండా ఉండవలసింది అన్నాను.

తిరుగు బస్సులో అత్తమ్మకు మాట తిరిగి వచ్చింది. ఆ ప్రూఫు కాగితాన్ని పక్క సీటామెకు చూపించింది, వెనక సీటువాళ్ళకు చూపించింది, టికెట్లు కొట్టే కండక్టరుకు చూపించింది. మా కోడలే, ఉలితోటి, ఇనుము మీద చెక్కింది అని. జింకు అని నేను గొణిగితే, ఊరుకో, అందరికీ ఇనుమంటేనే తెలుస్తది అన్నది. హుజూర్‌నగర్ వచ్చేసరికి నేను కిటికీ వైపు ముఖం తిప్పుకుని ఏడ్చాను. సంతోషానికే.

బళ్ళు తెరిచే వేళకు పుస్తకం వచ్చింది. మొదటి ప్రతిని నిడమనూరు పోయే వడ్ల బండి మనిషికి ఇచ్చి, తండాలో ఫలానా ఆమె చేతికి ఇవ్వమని పంపాను. ఆ తరువాత ఏ కబురూ లేదు. వానలు పడ్డాయి, నాట్లు అయ్యాయి. పుస్తకం అందిందో, దారిలో తడిసిందో, పిల్ల దాన్ని చూసి మొండితనం మానిందో లేదో తెలియదు. బండివాడిని అడిగితే ఇచ్చాననే చెప్పాడు. కొత్త కథకు బొమ్మలు మొదలుపెట్టాను గాని చెయ్యి సాగేది కాదు. కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు నా అద్దాలు నాకే గొప్పేమో, ఆ పిల్లకు అవి ఒట్టి తెల్ల చుక్కలేమో అని అనుమానం వచ్చేది.

కోతలయ్యాక తండావాళ్ళు మళ్ళీ పనికి వచ్చారు. ఆ తల్లి మేడ మీద నా గదికి వచ్చింది, పక్కన పిల్ల లేదు. బిడ్డ ఏదని అడిగాను.

"బడికి పోతున్నది కద. నాయినమ్మ దగ్గర ఇడిసిపెట్టి వచ్చిన" అన్నది, అది అడగవలసిన సంగతే కాదన్నట్టు. అదే లంగాతో పోతోందట. వెక్కిరించిన పిల్లలే ఇప్పుడు పుస్తకం చూపించమని దాని వెంట పడుతున్నారట. నీకు చూపించి తెమ్మని, పోగొట్టవద్దని పిల్ల మరీ మరీ చెప్పి ఇచ్చిందంటూ చీరముక్కలో చుట్టిన పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది.

తెరిచాను. పేజీ బరువుగా ఉంది. లంగా మీద నేను చెక్కిన తెల్లటి గుండ్రాల్లో నిజం అద్దాలు ఉన్నాయి. గోరంత, గింజంత ముక్కలు. కాగితానికి సూది గుచ్చి, ఎర్ర దారంతో చుట్టూ కుట్టి బిగించింది. వెనక పేజీలో అక్షరాల మీద దారం ముళ్ళు. నిజం చెప్పాలంటే ముందు నాకు చివుక్కుమంది. నేను వేళ్ళు వంకర్లు పోయేలా తవ్విన తెలుపు ఎక్కడా కనబడటం లేదు. ఎందుకు కుట్టావని అడిగాను. గొంతులో కోపం ఆమెకు వినబడే ఉంటుంది.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. వాళ్ళ తండాలో ఒకరు బట్ట మీద గుండ్రాలు గీసి నడుమ ఖాళీ ఉంచి పంపుతారట, అద్దాలు ఉన్నవాళ్ళు కుట్టి ఇస్తారట. ఖాళీ ఉంచి పంపిన బట్టను కుట్టకుండా తిప్పి పంపడం మర్యాద కాదట.

"నువ్వు జాగ ఇడిసి పంపినవ్ కద. అందుకే కుట్టిన" అన్నది.

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. పేజీలు ఒక్కొక్కటే తిప్పుతూ పోయాను. ప్రతి లంగా మీదా అద్దాలు, గడ్డిపోచను మాత్రం తప్పించి కుట్టింది. చివరి పేజీకి వచ్చాను. ఆ పెద్ద అద్దం మీద సూది ఆనవాలు లేదు. మేకపిల్ల ముఖం, రెండు చెవులు, నేను చెక్కింది చెక్కినట్టే ఉంది. రూపాయంత అద్దం దొరకలేదేమో అనుకున్నాను.

"ఇది కుట్టలేదేంది?" అని అడిగాను.

ఆమె వంగి చూసి, మేకపిల్ల ముఖం మీద వేలు పెట్టింది.

"గిండ్ల మేకపిల్ల కనబడుతున్నది కద సావుకారమ్మా. ఇది అద్దమే. అద్దం మీద అద్దం ఎవరు కుడతరు?"

నేను ఆ పుస్తకం పట్టుకుని, అత్తమ్మా అని గట్టిగా పిలుస్తూ మెట్లు దిగాను.